శంఖం లోపలి నోరు

మా జువాలజీ సార్ పోయారన్న కబురు నాకు బడిలో ఉండగా తెలిసింది. ఆర్మూర్ నుంచి రోజూ బస్సులో సిరికొండ వచ్చే మా లెక్కల టీచరు తరగతి గుమ్మంలో నిలబడి, "మేడమ్, మీ కాలేజీ సార్ పొద్దుగాల పోయిండట. గుండెపోటు. పగటీలికల్ల తీస్కపోతరట" అంది. నేనప్పుడు బోర్డు మీద జీర్ణవ్యవస్థ బొమ్మ గీస్తున్నాను. నోటి దగ్గర మొదలుపెట్టి గొంతు దాకా వచ్చాను. సుద్దముక్క బల్ల మీద పడేసి బస్టాండుకు పరుగెత్తాను.

బస్సు కిక్కిరిసి ఉంది. పసుపు ఉడకబెట్టే రోజులు. ప్రతి ఊరి దగ్గరా పొయ్యిల మీది ఆవిరి రోడ్డు దాకా వస్తోంది. డ్రైవరు కనబడ్డ ప్రతి చోటా ఆపి బస్తాలు పైకి ఎక్కించుకుంటున్నాడు. అసలే నాకు ఓపిక తక్కువ. "అన్నా, జర పోనియ్యి, చావుకు పోతున్న" అని గట్టిగా అరిచేశాను. బస్సంతా నా వైపు తిరిగింది. పక్కన కూర్చున్న ముసలమ్మ "ఎవరు బిడ్డా?" అని అడిగింది. "మా సార్" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దసరాకు వెళ్ళి కలిసినప్పుడు నా గొంతు నొప్పి గురించి అన్నిసార్లు అడిగిన మనిషి, తన గుండె గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆ బస్సు ఆగినప్పుడల్లా, ఆఖరి చూపు కూడా దక్కదేమోనని సీట్లోంచి లేచి నిలబడ్డాను.

ఆర్మూర్‌కు సముద్రం ఎంత దూరమో మా ఊళ్ళలో ఎవరూ లెక్క వేసుకోలేదు. మాకు నీళ్ళంటే పోచంపాడ్ కాలువ. అలాంటి చోట ఒక మనిషి సముద్రపు గవ్వలు, శంఖాలు, ఆల్చిప్పలు ఎట్లా తింటాయో చెబుతూ ఉద్యోగమంతా గడిపారు. డిగ్రీలో మొదటి రోజు క్లాసుకు రాగానే, "ఏం తిని వచ్చిన్రు?" అని ఒక్కొక్కరినీ అడిగారు. జొన్నరొట్టె అని ఒకరు, అన్నం అని ఒకరు, ఏమీ తినలేదని నేను. "జంతువును చూడంగనే పేరడగకున్రి" అన్నారు. "ముందుగాల నోరు చూడున్రి. ఏం తింటదో తెలిస్తే ఎట్ల బతుకుతదో తెలుస్తది." తర్వాత నా వైపు తిరిగి, "తినకుంట వచ్చెటోల్లకు నా క్లాసు ఎక్కది" అని తన టిఫిన్ డబ్బాలోని సగం రొట్టె నా చేతిలో పెట్టారు.

సార్ చెప్పే తీరు అంతా చేతులతోనే. సముద్రపు అర్చిన్ అనే ముళ్ళ బంతిలాంటి జీవి నోరు చూపించాలంటే, అన్నం ముద్ద కలిపేటప్పటిలా ఐదు వేళ్ళూ దగ్గరికి తెచ్చేవారు. "ఐదు పండ్లు. చుట్టూర ఉండి నడుమ కలుస్తయి. రాయి మీది పాచిని గిట్ల గీకి తింటది." ఆల్చిప్ప సంగతి వస్తే జల్లెడ పట్టినట్టు రెండు చేతులూ ఊపేవారు. "దీనికి పండ్లు లేవు, నాలిక లేదు. మొప్పలే జల్లెడ. నీళ్ళు పోతయి, తిండి ఆగుతది." ఇక నత్తలు, శంఖాల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారిపోయేది. వాటికి పళ్ళు నాలుక మీదే ఉంటాయి. రిబ్బన్ లాంటి సన్నటి పట్టీ, దాని మీద వరుసలు వరుసలుగా పళ్ళు. దాన్నే రాడ్యులా అంటారు. ముందు వరుసలు అరిగి రాలిపోతుంటే వెనక నుంచి కొత్త వరుసలు కదిలి వస్తుంటాయి. "మనకు పండ్లూడితే దవాఖానకు ఉరుకుతం. దానికి ఆ ఫికరే లేదు" అని తన ఊడిన పన్ను సందు చూపించి నవ్వేవారు.

ఒకసారి మా మేనత్త రామేశ్వరం నుంచి గవ్వల దండ తెచ్చి నా మెడలో వేసింది. అది వేసుకుని కాలేజీకి వెళ్ళాను. సార్ పాఠం ఆపేసి దండ తీసిమ్మన్నారు. ఒక్కో గవ్వనూ వెలుతురుకు పెట్టి చూసి, ఒకదాని దగ్గర ఆగిపోయారు. "ఇగో, తక్కినవాటికి దండ గుచ్చెటాయన బొక్క పొడిచిండు. దీనికి మాత్రం ఇంకో నత్త పొడిచింది. చూడు, పైన వెడల్పు, లోపలికి సన్నం. నాలికతోని రాకి రాకి, లోపలున్నదాన్ని తినేసింది" అన్నారు. క్లాసంతా ఆ గవ్వ కోసం ఎగబడింది. నేను ఇంటికి వెళ్ళి ఆ దండ తీసి గూట్లో పెట్టేశాను. ఒక హత్యను మెడలో వేసుకుని తిరిగానా అనిపించింది. అత్త మాత్రం మీ సారుకు వేరే పని లేదా అంది.

సార్ చొక్కా జేబుకు ఎప్పుడూ పచ్చటి మరక ఉండేది. జేబులో ఒక పసుపు కొమ్ము పెట్టుకునేవారు. ఆర్మూర్‌లో పసుపు కొమ్ము కొత్త కాదు గానీ, దాన్ని పెన్ను పక్కన పెట్టుకుని తిరిగే మనిషి ఆయన ఒక్కరే. దానికో పనుంది. నత్త నోటి దగ్గరి కండముద్దను కోసి, కాస్టిక్ పొటాష్ నీళ్ళలో మరిగిస్తే మాంసమంతా కరిగిపోయి రాడ్యులా ఒక్కటే మిగులుతుంది. ఆ తర్వాత దాన్ని పొటాష్ క్షారం పోయేదాకా కడగాలి. క్షారం మిగిలితే స్లైడు పాడవుతుంది. పోయిందో లేదో తెలుసుకోవడానికి లిట్మస్ కాగితం కావాలి. మా కాలేజీలో అది అడిగితే వచ్చేది కాదు. అందుకని సార్ తెల్లకాగితం మీద పసుపు కొమ్ము రుద్ది, కడిగిన నీళ్ళ చుక్క దాని మీద వేయించేవారు. చుక్క పడ్డ చోట పసుపు ఎర్రబడితే క్షారం ఉన్నట్టు. "ఎర్రగైతె ఇంక కడుగు. పచ్చగుంటెనే పనైనట్టు" అనేవారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. ఇంట్లో గిన్నెలు తోముతున్నప్పుడు కూడా నాకు అదే మాట గుర్తొచ్చేది.

ల్యాబు అల్మారాలో ఒక గాజు సీసా ఉండేది. అందులో అరచేతిలో పట్టేంత శంఖం, లోపలి ప్రాణితో సహా, ఫార్మలిన్‌లో ఉండేది. సార్ చదువుకునే రోజుల్లో ఒకే ఒక్కసారి సముద్రం చూశారు. తెల్లవారుజామున వలలు లాగేవాళ్ళతో పాటు నిలబడి, వాళ్ళు ఒడ్డున పారేసిన దాన్ని ఏరుకుని తెచ్చుకున్నారు. పండుగకో పూజకో ఊదే శంఖాలు అందరూ చూసినవే. లోపల జీవమున్న శంఖం మా తాలూకాలో అదొక్కటే. పగలగొట్టి దాని నోరు చూపించమని ప్రతి బ్యాచీ అడిగేది. సార్ ఒప్పుకునేవారు కాదు. "పుస్తకంల బొమ్మ ఉన్నది గద, చూడున్రి. ఇది నాతోని ఉండనియ్యున్రి" అనేవారు. నెలకోసారి ఫార్మలిన్ మార్చి, సీసా తుడిచి, మళ్ళీ లోపల పెట్టి తాళం వేసేవారు.

నా చివరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష మార్చిలో వచ్చింది. ఎండలు ముదిరితే నత్తలు బురదలోకి దిగి మూత బిగించుకుంటాయి. కాలువ గట్టంతా వెతికితే మనిషికొకటి దొరికింది, అంతే. పరీక్షకు పట్నం నుంచి ఒక ఎక్స్‌టర్నల్ వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నవ్వని ముఖం. మాకు పడ్డది నత్త రాడ్యులా తీసి చూపించే పని.

ఆ రోజు పొద్దున్నే నేను ఇంట్లో పసుపు కొమ్ములు విరిచి వచ్చాను. మా ఇంట్లో డిగ్రీ పరీక్ష అంటే పని మాఫీ కాదు. చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి. మా క్లాసులో సగం మంది చేతులు అట్లాగే ఉండేవి. రాడ్యులా తీశాను, కడిగాను. కాగితం మీద పసుపు రుద్దే ఓపిక లేక, చుక్కను నా బొటనవేలి మీదే వేసుకున్నాను. వేలు చురుక్కుమని ఎర్రబడింది. ఇంకా కడగాలి. కానీ ఆ వేలితోనే రాడ్యులాను తిరగేసి నీళ్ళలో వేసేసరికి పసుపు దానికీ పట్టింది. పట్టీ ఎర్రగా మారింది. టైము అయిపోతోందన్న కంగారులో దాన్ని అట్లాగే స్లైడు మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఎక్స్‌టర్నల్ వంగి చూశారు. లేచి నన్ను చూశారు. మళ్ళీ వంగి చూశారు.

"దీనికి రంగు ఎవరు వేశారమ్మా?"

"ఎవరూ వెయ్యలేదు సార్."

"ఇవాళ బల్ల మీద రంగు సీసా పెట్టలేదు. రంగు వేసిన స్లైడ్లు ఆ అల్మారాలో పెట్టెలో ఉన్నాయి. ఇంత శుభ్రంగా, ఇంత ఎర్రగా, కొని తెచ్చిన స్లైడే అయి ఉంటుంది. నువ్వు తీసుకున్నావా, మీ సార్ ఇచ్చారా?"

"పసుపు సార్" అన్నాను.

"పసుపు పచ్చగా ఉంటుంది. ఇది ఎరుపు. నాకు చెబుతున్నావా?"

మా సార్ జేబులోని కొమ్ము తీయబోయారు. "మీరు కదలకండి, మాట్లాడకండి. అనుమానం మీ మీదే" అని ఎక్స్‌టర్నల్ తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కుని పెన్ను మూత తీశారు. కాపీ అన్న మాట ఆ కాగితం మీద పడితే నాకు డిగ్రీ లేదు. సార్‌కు ఉద్యోగం ఉండదు. అప్పటికి తోటివాళ్ళంతా పని ముగించి వెళ్ళిపోయారు. ల్యాబులో మేం ముగ్గురం, అటెండరు మిగిలాం. సార్ ముఖం పాలిపోయింది. అంత మంచి మనిషి తలవంచుకుని నిలబడడం చూసి నాకు ఆ తెల్ల చొక్కా మీద సిరా ఒంపాలనిపించింది.

"నేనేం మాట్లాడ సార్" అన్నారు మా సార్ మెల్లగా. "ఆమెను ఇంకోసారి చెయ్యనియ్యున్రి. మీ కండ్ల ముందట."

"దేనితో చేస్తుంది? నత్తలు అయిపోయాయి కదా."

సార్ అల్మారా తాళం తీసి శంఖం సీసా తెచ్చారు. "వద్దు సార్" అన్నాను. అటెండరు ముందుకొచ్చి, "శంఖం పలగ్గొడుతరా సార్? తప్పు సార్" అన్నాడు. "ఇది దేవుని ముందట పెట్టింది గాదు. నేను పెట్టుకున్నది" అని సార్ దాన్ని గుడ్డలో చుట్టి గడప రాయి మీద పెట్టి సుత్తితో కొట్టారు. శంఖం పెంకు చాలా మందం. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకూ కాలేదు. ఆ తర్వాతి దెబ్బకు పగిలిన చప్పుడు నా ఛాతీలో తగిలింది. లోపలి ప్రాణిని తీసి ట్రేలో పెట్టి, నాకు కాదు, ఎక్స్‌టర్నల్ చేతికి ఇచ్చి, వెళ్ళి కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డారు.

"ఇది మీ సిలబస్‌లో లేదు" అన్నారు ఎక్స్‌టర్నల్.

"నోరు అందరికి ఉంటది సార్" అన్నారు మా సార్, తిరగకుండానే.

ఎక్స్‌టర్నల్ ట్రే మీది నుంచి కళ్ళు తిప్పకుండానే నన్ను సబ్బుతో చేతులు కడుక్కోమన్నారు. కడుక్కుని కూర్చున్నాను. తల కోశాను. కాలువ నత్తకు నోటి దగ్గరి కండముద్ద ఎక్కడుంటుందో అక్కడ చూశాను. లేదు. ఇంకాస్త కోశాను. లేదు. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఏళ్ళ తరబడి ఫార్మలిన్‌లో నాని ఆ భాగం పాడైపోయిందేమో, సార్ శంఖం ఉత్తపుణ్యానికి పగిలిందేమో అనుకున్నాను. ఎక్స్‌టర్నల్ గడియారం చూసుకున్నారు. సార్ చేతులు వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ చేతులు చూస్తుంటే మొదటి రోజు పాఠం గుర్తొచ్చింది. ఇది ఏం తింటుంది? ఇసుకలో గొట్టాలు కట్టుకుని లోతుగా దాక్కునే పురుగులను అని సార్ ఎప్పుడో చెప్పారు. ముఖానికి అతుక్కున్న నోరు అంత లోతుకు అందదు. అంటే దీని నోరు పొడుగాటి తొండం చివర ఉండాలి. చచ్చేటప్పుడు ఆ తొండాన్ని లోపలికి లాక్కుని ఉండాలి.

కత్తెర మొనను ఇంకా లోపలికి పోనిచ్చాను. తెల్లటి గొట్టం ఒకటి ముడుచుకుని కనబడింది. నిలువునా చీల్చాను. దాని చివర, శనగగింజంత, ఆ ముద్ద ఉంది.

మరిగించడం ఇంకో గండం. నిల్వ ఉన్న మాంసం తొందరగా కరగదు. కాస్టిక్ నీళ్ళు ఎగిరిపడితే కళ్ళు పోతాయి. పరీక్షనాళిక మూతిని గోడ వైపు తిప్పి, స్పిరిట్ దీపం మీద ఆడిస్తూ నిలబడ్డాను. కరిగింది అనుకున్నాక వాచ్‌గ్లాస్‌లో ఒంపితే అందులో ఏమీ కనబడలేదు. రాడ్యులా గాజులా ఉంటుంది, నీళ్ళలో కనబడదు. తెలియక నీళ్ళతో పాటు పారబోసుకున్న వాళ్ళు మా క్లాసులోనే ఉన్నారు. వాచ్‌గ్లాస్‌ను పరీక్ష అట్ట నల్లటి వైపు మీద పెట్టి చూశాను. సన్నటి దారం ఒకటి కదిలింది.

కడిగాను. అప్పుడు ఎక్స్‌టర్నల్ వైపు తిరిగి, "సార్, జర పసుపు కొమ్ము కావాలె" అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశారు. తర్వాత లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి, మా సార్ జేబులోంచి తన చేత్తోనే కొమ్ము తీసి తెచ్చారు. నేను దాన్ని కాగితం మీద రుద్ది, కడిగిన నీళ్ళ చుక్క వేశాను. పచ్చటి మచ్చ మధ్య ఎర్రటి చుక్క లేచింది. ఆయన ఆ చుక్కను చూశారు. పక్కనే మైక్రోస్కోపు మీద ఉన్న నా మొదటి స్లైడును చూశారు. నా గోళ్ళ సందుల్లో పోకుండా మిగిలిన పసుపును చూశారు. మళ్ళీ కడిగాను, మళ్ళీ ఎరుపు. ఇంకా కడిగాను. చివరికి పచ్చగానే నిలిచింది. గ్లిజరిన్ వేసి స్లైడు పెట్టాను.

"ఏం కనిపిస్తోందో గియ్యి" అన్నారు.

కాలువ నత్తకు వరుసకు ఏడు పళ్ళు. ఏడాదంతా ఏడే గీశాను. చెయ్యి ఏడు గీయడానికి సిద్ధంగా ఉంది. మైక్రోస్కోపులో మాత్రం మూడే ఉన్నాయి. నడుమ ఒకటి, అటొకటి ఇటొకటి. పక్కవి మరిగించడంలో ఊడిపోయాయా? శంఖం పాఠం పుస్తకంలో ఉన్నా పరీక్షకు రాదని ఆ పేజీ తిప్పేసిన దాన్ని. మూడు గీస్తే, తీయడం రాక పాడు చేశానంటారు. ఏడు గీస్తే ఎవరూ అడగరు. సార్ వీపు కదల్లేదు. నేను మూడు గీశాను. కళ్ళకు కనబడ్డవి అంతే.

ఎక్స్‌టర్నల్ చాలాసేపు మైక్రోస్కోపు మీద వంగి ఉన్నారు. "ఏడు గీస్తావనుకున్నాను" అన్నారు తలెత్తి. రాయబోయిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. వెళ్ళబోతూ నల్లా దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటే, ఆయన వేళ్ళ మీది నురుగు ఎర్రగా పొంగింది. దాన్ని చూసి మొదటిసారి నవ్వారు. మా సార్‌కు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక సార్ వచ్చి స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోపులో చూశారు. ఎంతసేపటికీ లేవలేదు. పుస్తకంలో ఆ మూడు పళ్ళ బొమ్మను ఏళ్ళుగా చూస్తూ వచ్చిన మనిషి, వాటిని కళ్ళారా చూడడం అదే మొదటిసారి.

"మూడే ఉన్నయి బిడ్డా" అన్నారు, చిన్నపిల్లాడిలా.

"మీ శంఖం పోయింది గద సార్" అని ఏడ్చేశాను.

"పోలే. గిన్నేండ్లు పెంకను చూసుకుంట కూసున్న. ఇయ్యాల నోరు చూసిన" అన్నారు. ఆ తర్వాత నా బొటనవేలు చూసి, క్షారం తగిలి పొక్కిందని, "వేలు మీద చుక్కేసుకునుడు ఎవరు నేర్పిన్రే నీకు?" అని గట్టిగా తిట్టారు. పరీక్ష గండం గడిచినందుకు కాదు గానీ, ఆ తిట్టు విన్నాకే నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇవాళ నేను పిల్లల ముందు నిలబడి చెప్పగలుగుతున్న నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే. ఈ మాట ఆయన ఉండగా అంటే, "భిక్ష ఏంది, రొట్టె పెట్టిన" అనేవారు.

బస్సు ఆర్మూర్ చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. సార్ ఇంటి సందులోకి పరుగెత్తాను. స్నానం చేయించి, పసుపు పూస్తున్నారు. ఇంకా లేపలేదు. సార్ భార్య నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా. సార్ కాళ్ళకు నువ్వు పెట్టు" అంది. ఆ చల్లటి పాదాలకు రెండు చేతులతో పసుపు రాశాను. పాడె ఎత్తుకున్నప్పుడు, ముందు నడిచే దాసరి తన శంఖం ఊదాడు. ఆ మోతకు సందంతా చేతులెత్తి దండం పెట్టింది. నాకు మాత్రం, ఆ శంఖంలో ఒకప్పుడు ముడుచుకుని ఉన్న పొడుగాటి తొండం, దాని చివర మూడు మూడు పళ్ళ వరుసలు కనబడ్డాయి.

సాయంత్రం అమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. చావింటి నుంచి వచ్చాను కాబట్టి గడప తొక్కకుండా నల్లా దగ్గరే కూర్చోబెట్టి అమ్మ నా చేతికి సబ్బు ఇచ్చింది. రుద్దగానే అరచేతుల్లో నురుగు ఎర్రగా లేచింది. అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ, "చాలా?" అని అడిగింది. వేళ్ళ సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది.

"ఇంక పొయ్యమ్మా" అన్నాను.